గ్లెనిస్ రాసుకున్న పేజీ

ఆస్ట్రేలియా దక్షిణ తీరాన గ్రిండల్ బే అనే చిన్న ఊళ్ళో బేకరీకీ, యాత్రికులు బళ్ళతో వచ్చి బస చేసే కారవాన్ పార్కుకీ, ఆల్చిప్పలు పెంచేవాళ్ళకీ, ఆఖరికి చర్చికీ వెబ్‌సైట్ చేసిపెట్టినవాడు లీత్ నోస్కీ ఒక్కడే. అడిలైడ్‌లో చాలా ఏళ్ళు పెద్ద కంపెనీలో పనిచేసి, భార్య జెనీన్‌కి ఊరి బడిలో ఉద్యోగం రావడంతో తన సొంతూరికి తిరిగొచ్చేశాడు. పని నీటుగా చేస్తాడని పేరు. అక్షరాల మధ్య ఎంత ఖాళీ వదలాలి, బొమ్మ పక్కన ఏ రంగు నప్పుతుంది అన్నవి అతనికి మహా పట్టింపు. ఊళ్ళోవాళ్ళకి ఆ పట్టింపు అర్థం కాకపోయినా, తమ కొట్టు పేజీ పట్నం కొట్టు పేజీలా కనిపిస్తుంటే ముచ్చటపడేవాళ్ళు.

ఒక్కటే చిక్కు. పేజీలో ఒక్క మాట మార్చాలన్నా లీత్‌కి ఫోన్ చెయ్యాల్సిందే. "గురువారం కొట్టు మూసేస్తున్నాం, పెట్టు." "మా వంటావిడ మానేసింది, ఆమె ఫోటో తీసెయ్." మర్నాడు మళ్ళీ, "తీసెయ్యకు, వచ్చేసింది." భోజనం చేస్తున్నా, చేపలు పడుతున్నా ఫోను మోగుతూనే ఉండేది. అందుకని ఆ ఏడాది చలికాలంలో అతను అందరి పేజీలనీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాడు. అందులో పేజీ తెర మీద ఎలా కనిపిస్తుందో దిద్దేటప్పుడూ అలాగే ఉంటుంది. మాట మీద నొక్కి, చెరిపి, కొత్తది రాసుకోవచ్చు. బొమ్మని పట్టుకుని లాగి ఇంకోచోట పెట్టుకోవచ్చు. ఎవరి పేజీ వాళ్ళే దిద్దుకోవచ్చు.

అందరికంటే ముందు నేర్చుకున్నది గ్లెనిస్ పాస్కో.

గ్లెనిస్‌కి ఒక పడవ ఉంది. బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళని అందులో దీవి దగ్గరికి తీసుకెళ్ళి, అక్కడి సీళ్ళలాంటి సముద్ర సింహాల మధ్య ఈత కొట్టించి తీసుకొస్తుంది. అరవై దాటినా చుక్కాని తనే పట్టేది. తమ్ముడు మెర్వ్ తాళ్ళు వేసి, టీ కాచి, ఎవరైనా భయపడితే వాళ్ళని నవ్వించేవాడు. లీత్ వాళ్ళమ్మా, గ్లెనిసూ చిన్నప్పటి స్నేహితులు. లీత్‌కి ఈత నేర్పింది కూడా గ్లెనిసే, పడవలు ఆగే చెక్కల జెట్టీ మీంచి నీళ్ళలోకి తోసి.

"ఇక్కడ నొక్కు," అన్నాడు లీత్, ఆమె వంటింటి బల్ల దగ్గర పక్కన కూర్చుని.

"నొక్కితే పేలదు కదా?"

"పేలదు."

"మొన్న టోస్టర్ గురించి మెర్వ్ కూడా ఇదే అన్నాడు."

"టోస్టర్ తప్పు కాదది," అన్నాడు మెర్వ్ టీ కప్పులోంచి తలెత్తకుండా. "వెన్న రాసిన రొట్టె అందులో దూర్చిందెవరో అడుగు, లీత్."

పేజీ పైన 'మీ జీవితంలో మరపురాని అనుభవం' అని ఉంది. లీత్ రాసిందే. గ్లెనిస్ దాని మీద నొక్కి, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ, 'నీళ్ళు చాలా చల్లగా ఉంటాయి. ఒప్పుకునే రండి' అని రాసింది. రాసి, సేవ్ అన్న చోట నొక్కి, తన ఫోనులో తెరిచి చూసుకుంది.

"ఇది ఇప్పుడు అందరికీ కనిపిస్తుందా? పెర్త్‌లో వాళ్ళకి కూడా?"

"ఎక్కడున్నా కనిపిస్తుంది."

"నేను రాసింది," అంది మెల్లగా. తర్వాత చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

అది మొదలు గ్లెనిస్ ఆగలేదు. రోజూ సాయంత్రం పడవ కడిగి వచ్చాక పేజీ ముందు కూర్చునేది. మెర్వ్ పెద్ద చేపని ఎత్తి పట్టుకున్న ఫోటో పెట్టింది. వాళ్ళ కుక్క ఫోటో పెట్టింది. ఊదారంగు అక్షరాలు, నడుమ ఎర్ర అక్షరాలు, కొన్ని చిన్నవి, కొన్ని అరిచినంత పెద్దవి. ముందురోజు పడవ ఎక్కినవాళ్ళ గురించి రాసేది: 'నిన్న వచ్చిన పిల్ల ఏడ్చింది కానీ దిగింది. దిగాక ఎక్కనంది.' జనం అవి చదివి వచ్చేవాళ్ళు. "ఆ ఏడ్చిన పిల్ల మళ్ళీ వచ్చిందా?" అని పడవలో అడిగేవాళ్ళు.

లీత్‌కి మాత్రం ఆ పేజీ చూస్తే ఒళ్ళు చిరచిరలాడేది. తను ఎన్నో రోజులు కూర్చుని కుదిర్చిన నీలం రంగు మీద ఊదారంగు. తను తీసిన దీవి ఫోటోకి అడ్డంగా మెర్వ్ చేప. ఒకరోజు జెనీన్‌ని పిలిచి చూపించి నవ్వాడు.

"చూడు. సంతలో బోర్డులా చేసింది."

జెనీన్ వంగి చదివింది. "నాకు నచ్చింది," అంది. "గ్లెనిస్ మాట్లాడుతున్నట్టే ఉంది."

"కింద నా పేరుంది, జెనీన్. చేసింది లీత్ నోస్కీ అని."

"పేజీ ఆమెది కదా."

లీత్ కంప్యూటర్ మూసేశాడు.

వసంతం మొదట్లో ఒక తుఫాను వచ్చి జెట్టీ పక్కన ఇసుక మేటలు వేసింది. చూడ్డానికి జెట్టీ ఎప్పటిలాగే ఉంది కానీ పడవ పక్కకి ఆనడానికి నీళ్ళ లోతు చాలదు. గ్లెనిస్ పడవని సీల్ క్రీక్ అనే సముద్రపు పాయలోని రేవుకి మార్చుకుంది. అది కొండ అవతల ఉంది, మట్టిరోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్ళాలి, ఫోను సిగ్నల్ ఉండదు. టికెట్ కొనుక్కున్నవాళ్ళకి 'ఎక్కడికి రావాలో ముందురోజు మా పేజీలో చూసుకోండి' అని సందేశం వెళుతుంది కాబట్టి, గ్లెనిస్ పేజీ నెత్తిన ఎర్ర అక్షరాలతో రాసింది: 'జెట్టీకి రాకండి. పడవ అక్కడ లేదు. సీల్ క్రీక్ రేవుకి రండి. దారి అడగండి, సిగ్గుపడకండి.'

సరిగ్గా ఆ వారమే లీత్‌కి పోర్ట్ లింకన్‌లో జరిగే పర్యాటక సభ నుంచి పిలుపొచ్చింది. తీరం పొడుగునా ఉన్న ఊళ్ళన్నిటికీ కలిపి ఒక పెద్ద వెబ్‌సైట్ చెయ్యాలి. నలుగురైదుగురు పోటీ పడుతున్నారు. శనివారం పొద్దున తన పని తెర మీద చూపించాలి. లీత్ చేసినవాటిలో అన్నిటికంటే అందమైనది గ్లెనిస్ పేజీ. అంటే, గ్లెనిస్ చెయ్యి పెట్టకముందు.

శుక్రవారం సాయంత్రం అతను ఆ పేజీ తెరిచాడు. ఊదా, ఎరుపు, చేప, కుక్క. అడిలైడ్ నుంచి వచ్చే పెద్దల ముందు దీన్ని పెట్టి 'ఇది నా పని' అనడం ఊహించుకుంటేనే చెవులు వేడెక్కాయి. ఆ సాఫ్ట్‌వేర్‌లో పాత రూపాలన్నీ భద్రంగా ఉంటాయి. తను మొదట చేసి ఇచ్చిన రూపం మీద ఒక్కసారి నొక్కాడు. గ్లెనిస్ రాసినవన్నీ మాయమై, నీలం రంగు, దీవి ఫోటో, పొందికైన అక్షరాలు వచ్చేశాయి. సోమవారం మళ్ళీ ఆమెది ఆమెకి పెట్టేద్దాం, రెండు రోజులే కదా అనుకున్నాడు. సభలో చూపిస్తుండగా ఆమె ఏదైనా మార్చేస్తుందేమోనని, ఆమెకి దిద్దే అనుమతి కూడా అప్పటిదాకా తీసేశాడు.

రేవు మారిన మాట అతను చదివాడు. చదవలేదని తర్వాత తనకి తానే చెప్పుకోడానికి వీల్లేకుండా, స్పష్టంగా చదివాడు. దాన్ని చిన్న అక్షరాలతో అడుగున పెడదామనే అనుకున్నాడు. పెట్టేముందు ఒకసారి పేజీని పైనుంచి కిందిదాకా జరిపి చూసుకున్నాడు. ఎక్కడా ఒక్క గీత అదనంగా లేదు. ఆ అందం చూస్తూ కాసేపు కూర్చుని, అలాగే మూసేసి భోజనానికి వెళ్ళాడు.

ఆ శుక్రవారమే, దూరాన వయాలా పట్నంలో, మర్నాటి పడవకి టికెట్ కొనుక్కున్న వెస్నా బరిచ్ అనే ఆవిడ రాత్రి భోజనాలయ్యాక ఆ పేజీ చూసి, జెట్టీ బొమ్మ చూసి, మొగుడు ఐవోతో "జెట్టీ దగ్గరికే," అని చెప్పింది. ఐవో ఉక్కు కర్మాగారంలో పనిచేసి మానేసిన మనిషి. నరాల జబ్బు పట్టుకుంది. కండలు ఒక్కొక్కటే చచ్చుబడిపోతున్నాయి. చేతులు ఇంకా ఆడుతున్నాయి కాబట్టి ఇప్పుడే ఒకసారి సముద్రంలో ఈదాలని, డాక్టరు వద్దనే లోపు ఈదాలని పట్టుబట్టి బయల్దేరాడు.

శనివారం తెల్లవారగానే వాళ్ళిద్దరూ జెట్టీ చివర నిలబడ్డారు. పడవ రాలేదు. ఆలస్యమైందేమో అనుకున్నారు. ఐవో నిలబడలేక చెక్కల మీద కూర్చున్నాడు. గాలి పెరిగింది. వెస్నా గ్లెనిస్ నంబరుకి చేస్తూనే ఉంది, అది మోగలేదు. చాలాసేపటికి బేకరీ తలుపు తీసిన డోరీన్ వాళ్ళని చూసి పరుగున వచ్చి, "అయ్యో, పడవ ఇక్కడ లేదండీ, కొండ అవతల," అని దారి చెప్పింది. వాళ్ళు మట్టిరోడ్డు మీద కారులో పడుతూ లేస్తూ రేవుకి చేరేసరికి ఆటు వచ్చి పాయలో నీళ్ళు తగ్గిపోయాయి. గ్లెనిస్ వాళ్ళకోసం ఆగగలిగినంత ఆగి, మిగతావాళ్ళతో వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి రేవు ఒడ్డున కారులో ఐవో కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఈతకి వేసుకునే రబ్బరు సూట్ సగందాకా తొడుక్కుని ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం లీత్‌కి ఫోనొచ్చింది. సభ బాగా జరిగింది. పేజీ తెర మీద కనిపించగానే ముందు వరసలో ఎవరో "అబ్బ" అన్నారు కూడా. అతను బయట కార్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"లీత్, నాయనా, నేనేదో పాడుచేశాను," అంది గ్లెనిస్.

"ఏమైంది?"

"పేజీ అంతా పాతదైపోయింది. నేను రాసినవేవీ లేవు. రేవు మారిందని రాశాను కదా, అదీ లేదు. వయాలా వాళ్ళు పాపం జెట్టీ దగ్గర నిలబడిపోయారు. ఆయనకి ఒంట్లో బాగాలేదు, లీత్. ఇవాళ కోసమే వచ్చాడంట. నిన్న సాయంత్రం మెర్వ్‌తో మాట్లాడుతూ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అప్పుడే ఏదో నొక్కేసి ఉంటాను. ఏం నొక్కానో గుర్తు లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు. ఇప్పుడు సరిచేద్దామంటే నన్ను రానివ్వట్లేదు కూడా."

నువ్వు కాదు, నేను. ఆ రెండు మాటలూ లీత్ నోటిదాకా వచ్చాయి. అంతలో వెనకనుంచి సభవాళ్ళెవరో అతన్ని పేరుపెట్టి పిలిచారు.

"కంగారుపడకు," అన్నాడు లీత్. "నేను చూస్తాను."

"చూస్తావా? దేవుడిలా ఉన్నావు నాకు."

అరగంటలో పేజీ మళ్ళీ ఊదారంగులోకి వచ్చేసింది. ఆమెకి అనుమతీ వచ్చేసింది. కానీ గ్లెనిస్ ఇక ఆ పేజీ ముట్టుకోలేదు.

నెలకోసారి ఊరి హాల్లో అందరూ కలుస్తారు. రోడ్డు గుంతలూ, బడి పిల్లల బస్సూ అయ్యాక, గ్లెనిస్ లేచి నిలబడింది. ఆమె ఆ హాల్లో ఎన్నోసార్లు లేచి అరిచిన మనిషి. ఆరోజు కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"అందరికీ తెలిసిపోయే ఉంటుంది. ఒక జబ్బు మనిషిని నేను జెట్టీ మీద గాలిలో కూర్చోబెట్టాను. నా పేజీ నేనే పాడుచేసి. లీత్ మనకి మంచి వస్తువే ఇచ్చాడు. అది నాలాంటివాళ్ళ చేతికి ఇవ్వాల్సింది కాదు. మీరు కూడా జాగ్రత్త. నా పేజీ ఇకనుంచి అతనే చూసుకుంటాడు. నా వేళ్ళు తాళ్ళకే పనికొస్తాయి."

ఎవరూ నవ్వలేదు. డోరీన్, "నాదీ నువ్వే చూసుకో, లీత్. నేనూ ఏదో ఒకటి చేస్తాను," అంది. కారవాన్ పార్కు ఆయన తలూపాడు. జెనీన్ అతన్నే చూస్తోంది. సోమవారం దాకానే అని శుక్రవారం అతను ఆమెకి చెప్పాడు. ఆమెకి అంతా తెలుసు.

లీత్ లేచాడు. "అది గ్లెనిస్ తప్పు కాదు," అన్నాడు. అక్కడిదాకా నిజమే. ఆ తర్వాత మాట తన్నుకుని వచ్చేసింది. "సాఫ్ట్‌వేర్‌లో లోపం. అప్పుడప్పుడు పాత పేజీ దానంతటదే వచ్చేస్తుంది."

హాలంతా ఊపిరి పీల్చుకుంది. "నేను ముందే అన్నాను, ఈ యంత్రాలు నమ్మకూడదని," అన్నాడెవరో. మెర్వ్ వచ్చి లీత్ వీపు మీద గట్టిగా చరిచాడు. టీ పోస్తున్న చోట గ్లెనిస్ అతని పక్కన నిలబడి, ఎవరికీ వినబడకుండా అంది:

"నాకోసం అన్నావు. నాకు తెలుసు. మీ అమ్మా అంతే, ఎవరి తప్పయినా బయటపడకుండా దాచేది."

మర్నాడు ఆమె ఒక పళ్ళెం నిండా మాంసం, బంగాళాదుంపలు పెట్టి కాల్చిన పాస్టీలు పంపింది. లీత్ వాటిని తిన్నాడు. జెనీన్ ముట్టుకోలేదు.

"సాఫ్ట్‌వేర్ అన్నావు," అంది ఆమె.

"ఆమెని వెనకేసుకొద్దామనే."

"ఎవర్ని వెనకేసుకొచ్చావో నీకే తెలుసు."

కొన్నాళ్ళకి, పెట్రోలు పోయించుకుంటుంటే మెర్వ్ ఎదురయ్యాడు. ఎప్పుడూ ఏదో ఒక వెక్కిరింత ఉండే మొహం ఆరోజు వేరేగా ఉంది.

"ఏరా లీత్, ఒక మాట. అక్కకి మళ్ళీ ఆ పేజీ సంగతి ఎత్తకు."

"ఎత్తను. ఎందుకు?"

"క్లినిక్‌కి వెళ్ళొచ్చింది. మతిమరపు పరీక్ష చేయించుకోడానికి." మెర్వ్ బండి చక్రాన్ని బూటుతో తడుతూ మాట్లాడాడు. "మా అమ్మకి ఈ వయసులోనే మొదలైంది కదా. ఆఖర్న మా పేర్లు కూడా తెలియలేదు. ఏం నొక్కానో గుర్తు లేదు, ఏం నొక్కానో గుర్తు లేదు అని అక్క ఒకటే గొడవ. గడియారం బొమ్మ గియ్యమన్నారంట. బానే గీసిందంట. అయినా నమ్మట్లేదు. పడవ తాళం నాకిచ్చేసింది. నువ్వే నడుపు మెర్వ్, ఎవర్నన్నా ముంచేస్తానేమో అంటుంది. నాకేమో తను చుక్కాని వదిలేసి కూర్చుంటే చూడబుద్ధి కావట్లేదు."

పెట్రోలు నిండిపోయి గొట్టం టక్కున ఆగింది. లీత్ దాన్ని తీసి పెట్టడం కూడా మర్చిపోయాడు.

"హాల్లో నువ్వన్న మాటకి మాత్రం నీకు రుణపడి ఉంటాం రా," అన్నాడు మెర్వ్.

లీత్ అక్కడినుంచి ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా గ్లెనిస్ ఇంటికి వెళ్ళాడు. ఆమె షెడ్డు ముందు రబ్బరు సూట్లని మంచినీళ్ళ తొట్లో ముంచి, పిండి, తీగ మీద ఆరేస్తోంది.

"రా నాయనా. టీ పెట్టనా?"

"వద్దు. గ్లెనిస్, ఆ పేజీ నువ్వు పాడుచెయ్యలేదు."

"మళ్ళీ మొదలెట్టావా."

"సాఫ్ట్‌వేర్ కూడా కాదు. నేను తీసేశాను. శుక్రవారం సాయంత్రం. పోర్ట్ లింకన్‌లో చూపించడానికి నా పాత పేజీ పెట్టాను. నువ్వు మార్చకుండా నీ అనుమతి కూడా తీసేశాను."

గ్లెనిస్ చేతిలో సూట్ లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆమె దాన్ని తీగ మీద వేసి, క్లిప్పు పెట్టి, ఇంకో క్లిప్పు పెట్టింది.

"రేవు మారిందని నేను రాసింది, తీసేముందు చదివావా?"

ఆమె అడుగుతుందని అతను అనుకోని ప్రశ్న అదొక్కటే.

"చదివాను."

"చదివి తీసేశావు."

"అడుగున చిన్నగా పెడదామనుకున్నాను. పెట్టలేదు."

"ఎందుకు?"

"బాగోదని."

ఆమె తొట్టి అంచు మీద కూర్చుంది. "నా పేజీ అంత అసహ్యంగా ఉందా, లీత్?"

అతను నేలకేసి చూశాడు.

"చెప్పు. నిన్ను కొట్టనులే."

"నా పని అనుకుంటారేమోనని సిగ్గేసింది."

"అది నీ పనేంటి? నా పడవ అది. నేను రోజూ సాయంత్రం కూర్చుని రాసుకున్నాను." ఆమె గొంతు పెంచలేదు. "మా అమ్మ ఆఖరి రోజుల్లో గోడలో ఎవరో ఉన్నారని మాట్లాడేది. నీకు తెలుసు, నువ్వు చిన్నవాడివి, కిటికీలోంచి చూసి పారిపోయేవాడివి. అది నాకొచ్చేసిందనుకున్నాను. రాత్రిళ్ళు లేచి స్టవ్ ఆపానో లేదో చూసుకుంటున్నాను. గడియారం బొమ్మ గీశాను ఆ నర్సు ముందు, చంటిపిల్లలా. నువ్వు ఒక్క మాట అంటే ఇదంతా ఉండేది కాదు. నేను ఫోన్ చేసినప్పుడే."

"అవును."

"నేను పంపిన పాస్టీలు తిన్నావా?"

"తిన్నాను."

"ఎలా తిన్నావురా," అంది గ్లెనిస్. తిట్టినట్టుగా అనలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టుగా అంది.

ఆమె తొట్టి అంచు మీంచి లేచింది. "వయాలా వెళ్ళు. ఐవో దగ్గరికి. తప్పు నాదేనని నేను వాళ్ళింటికి వెళ్ళి చెప్పొచ్చాను. ఆ అబద్ధం వాళ్ళింట్లో ఉండిపోవడం నాకిష్టం లేదు. ఇక వెళ్ళు, నాకు పనుంది."

లీత్ మర్నాడే వెళ్ళాడు. కర్మాగారం పొగ కనిపించే వీధిలో, ఎర్రదుమ్ము పట్టిన గోడల ఇల్లు. వెస్నా తలుపు తీసి, సంగతి విని, లోపలికి రమ్మనకుండా కాస్త పక్కకి జరిగింది. ఐవో కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉన్నాడు. మాట కూడా నెమ్మదించింది. లీత్ నిలబడే అంతా చెప్పాడు. దారిలో కూడగట్టుకున్న మాటలేవీ పనికిరాలేదు.

"ఆవిడ ఇక్కడే కూర్చుని ఏడ్చింది," అన్నాడు ఐవో. "ఫర్వాలేదమ్మా, పొరపాట్లు అందరం చేస్తాం అన్నాను. నీకూ అదే అనాలా?"

"అక్కర్లేదు."

"అననులే."

"అరిచే ఓపిక ఆయనకి లేదు," అంది వెస్నా గోడకి ఆనుకుని. "నాకుంది. పక్కింటివాళ్ళు వింటారని ఊరుకుంటున్నాను."

ఐవో చెయ్యి కొద్దిగా కదిలించాడు. "చూపించు. ఆ అందమైన పేజీ."

లీత్ ఫోనులో దాచుకున్న బొమ్మ తీసి అతని మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు. ఐవో దీక్షగా చూశాడు.

"బాగుంది. నిజంగా బాగుంది," అన్నాడు. "జెట్టీ కూడా బాగుంది. అందుకే కదా వెళ్ళాం."

తర్వాత నెల హాల్లో లీత్ లేచి జరిగింది జరిగినట్టు చెప్పాడు. టీ దగ్గర అతని చుట్టూ కాస్త ఖాళీ ఏర్పడింది. డోరీన్ బేకరీలో రొట్టె ఇచ్చి చిల్లర బల్ల మీద పెట్టడం మొదలుపెట్టింది, చేతికి ఇవ్వడం మానేసి. మెర్వ్ రోడ్డు మీద కనిపిస్తే మొహం తిప్పుకునేవాడు. పోర్ట్ లింకన్ పని లీత్‌కే వచ్చింది. చెయ్యలేనని, ఎందుకో కారణం కూడా విడమరిచి రాశాడు. ఇంత చిన్న విషయానికి మంచి అవకాశం వదులుకోవద్దని వాళ్ళు జవాబు రాశారు. ఆ 'చిన్న విషయం' చదివినప్పుడు, తను కూడా ఆ శుక్రవారం సరిగ్గా ఆ కొలతతోనే కొలిచానని అతనికి తట్టింది. మళ్ళీ వద్దనే రాశాడు.

గ్లెనిస్ పడవ తాళం వెనక్కి తీసుకుంది. పేజీ ముందు కూర్చోడానికి మాత్రం కొంతకాలం పట్టింది. ధైర్యం చెప్పడానికి పక్కన జెనీన్‌ని కూర్చోబెట్టుకునేది. లీత్ ఆ ఇంటి ముందు జెనీన్‌ని దింపి, కారులోనే కూర్చునేవాడు.

వేసవి గాలులు తగ్గాక, సముద్రం నూనె పోసినట్టు నిలిచిపోయిన రోజుల్లో, గ్లెనిస్ తనే ఫోన్ చేసింది.

"ఆదివారం రా. సూట్ తెచ్చుకో. ఐవోని తీసుకెళ్తున్నాను. మెర్వ్‌కి నడుం పట్టేసింది. నీళ్ళలో ఆయన్ని పట్టుకోడానికి ఒక మనిషి కావాలి."

"నేనా?"

"పొడుగ్గా ఉన్నావని పిలిచాను. ఇంకేం అనుకోకు."

దీవి పక్కన, నడుంలోతు దాటిన చోట, లీత్ ముందు దిగాడు. చలి ఎముకల్లోకి పట్టేసింది. పైనుంచి వెస్నా, గ్లెనిస్ కలిసి ఐవోని మెల్లగా జార్చారు. లీత్ రెండు చేతులూ అతని వీపు కింద పెట్టి తేల్చి పట్టుకున్నాడు. అప్పటికి ఐవో చేతులు కూడా ఆడటం లేదు. జెట్టీ మీద పడవ కోసం ఎదురుచూసిన ఆ శనివారం అవి ఆడేవి. లీత్‌కి ఆ మనిషి బరువు అరచేతుల్లో తెలుస్తోంది. అనుకున్నదానికంటే చాలా తక్కువ.

"అంత గట్టిగా పట్టుకోకు," అన్నాడు ఐవో.

లీత్ వేళ్ళు సడలించాడు. కాసేపటికి ఒక పిల్ల సముద్ర సింహం రాళ్ళ మీంచి జారి, వాళ్ళ కిందనుంచి దూసుకెళ్ళి, మళ్ళీ వచ్చి ఐవో మొహానికి జానెడు దూరంలో తల పైకెత్తి ముక్కుతో బుడగలు ఊదింది. ఐవో గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. అది నవ్వని గుర్తుపట్టడానికి లీత్‌కి కొంతసేపు పట్టింది. పైన వెస్నా చేతులతో మొహం కప్పుకుంది. అందరూ ఐవోని చూస్తున్నారు. లీత్ మాత్రం చూడలేక నీళ్ళలోకే చూస్తూ, కదలకుండా నిలబడ్డాడు.

"తల ఇంకొంచెం ఎత్తి పట్టుకో," అంది గ్లెనిస్ పైనుంచి. "ఆయనకి కనబడాలి."

లీత్ ఎత్తి పట్టుకున్నాడు.